తప్పించుకున్నాడా? కాలిపోయాడా?

ఆదివారం సాయంత్రం. వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఓ మేడ మీద నలుగురు ఫ్రెండ్స్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడుతున్నారనుకోండి. వాళ్ళలో ఒకడు సొంతంగా ఓ స్పెల్ రాసుకొచ్చాడు. పేరు 'కొలిమి ఊపిరి'. మన స్టీల్‌ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేసే దానికి ఇన్‌స్పిరేషన్! కాగితం మీద ఉన్నది మాత్రం ఒకటే లైను: 'తప్పించుకోలేకపోతే కాలిపోతారు'. ఆ మంట కాస్తా ఫ్రెండ్ ఆర్నెల్లుగా పెంచుకున్న క్యారెక్టర్ మీదికే వెళ్ళింది. ఇంకేముంది, గొడవ మొదలు!

తప్పించుకోవడమంటే పక్కకి దూకడమా, వేడిని ఓర్చుకోవడమా?

దాన్ని తేల్చేదే సేవింగ్ త్రో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆట తెచ్చినప్పటి నుంచీ ఉంది. 2014 నాటి ఐదో ఎడిషన్ ప్రకారం 20 ముఖాల పాచిక వేసి, మన మాడిఫయర్ కలిపి, స్పెల్ డీసీని అందుకోవాలి. డీసీ అంటే 8, ప్రొఫిషియెన్సీ బోనస్, స్పెల్ వేసేవాడి మాడిఫయర్... మూడూ కలిపిన మొత్తం. ఉదాహరణకి 8+3+4=15.

ఇప్పుడు లెక్క చూడండి. ఆ ఫ్రెండ్‌కి డెక్స్టెరిటీ +4, కాన్‌స్టిట్యూషన్ 0. దూకి తప్పించుకోవాలంటే 11 పడితే చాలు, అంటే 50 శాతం ఛాన్స్. ఓర్చుకోవాలంటే 15 పడాలి, ఛాన్స్ 30 శాతమే. రాయకుండా వదిలేసిన ఒక్క మాట మీద ప్రాణం ఆధారపడింది!

నారాయణాస్త్రాన్ని గుర్తుచేసుకోండి. ద్రోణుడు పోయాక అశ్వత్థామ ప్రయోగించాడు. ఆయుధం కింద పెట్టినవాణ్ని అది ఏమీ చేయదు, ఎదిరించినవాడి మీద ఇంకా చెలరేగుతుంది. రూల్ అంత క్లియర్‌గా ఉండాలి. అందుకే స్పెల్ రాసేటప్పుడే నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

దేంతో తప్పించుకోవాలి? మీదికి దూసుకొచ్చే మంటకి డెక్స్టెరిటీ, ఒంట్లోకి దిగే విషానికి కాన్‌స్టిట్యూషన్, మనసుని పట్టేసే మాయకి విజ్డమ్.

గెలిస్తే ఏంటి? ఫైర్‌బాల్‌లో 8 ఆరుముఖాల పాచికలు వేస్తారు. సగటు దెబ్బ 28. సేవ్ అయితే సగమే.

ఛాన్స్ ఎన్నిసార్లు? హోల్డ్ పర్సన్‌లో ఇరుక్కుంటే ప్రతి టర్న్ చివర మళ్ళీ పాచిక వేయొచ్చు.

ఎవరెవరికి తగులుతుంది? పక్కనున్న మనవాళ్ళకీనా?

ఆట మధ్యలో చిక్కొస్తే? గంటసేపు వాదించుకోవద్దు. పాచిక వేయకముందే డంజన్ మాస్టర్ ఓ మాట చెప్పేయాలి. పడిన అంకె చూశాక రూల్ మారిస్తే ఎవరూ ఒప్పుకోరు మరి! క్యారెక్టర్ ప్రాణం మీదికొచ్చి, రూల్ రెండు రకాలుగానూ అర్థమవుతుంటే దెబ్బ తినేవాడి వైపు మొగ్గడం న్యాయం. ఆట అయ్యాక అందరూ కూర్చుని స్పెల్‌ని సరిచేసి రాసుకోవాలి. అదే రూల్ రేపు శత్రువులు ఆ స్పెల్ వేసినా వర్తించాలి.

మన మేడ మీద డంజన్ మాస్టర్ 'డెక్స్టెరిటీ' అన్నాడు. పాచిక దొర్లింది... 9! నాలుగు కలిపితే 13. తగిలింది. క్యారెక్టర్ పోయింది. కాసేపు బాధపడ్డాడు కానీ, ఎవరి మీదా అలగలేదు. వచ్చే ఆదివారానికి కొత్త క్యారెక్టర్ షీట్ నింపుకుంటున్నాడు.