మాంసకృత్తుల జట్లు – గణనయంత్రపు అన్వేషణ

కల్లు పులియుటకును, రొట్టెపిండి పొంగుటకును కారణమైన ఈస్టు ఒకే ఒక కణము గల జీవి. కంటికి కానరాని ఆ కణములో దాదాపు 6,000 జన్యువులు కలవు. వానిలో చాలభాగము ఒక్కొక్క మాంసకృత్తును, అనగా ప్రోటీనును, తయారుచేయుటకు కావలసిన సూచనలు. 1996లో శాస్త్రజ్ఞులు ఈస్టు జన్యుపదార్థమునంతను చదివి ముగించిరి. మాంసకృత్తుల పట్టిక చేతికి వచ్చినది. కాని వానిలో ఎన్నో ఏ పని చేయునో తెలియరాలేదు. ఊరిజనుల పేర్లన్నియు వ్రాసికొన్నంతమాత్రమున ఆ ఊరి వ్యవహారము తెలియునా?

కణములోని ముఖ్యమైన పనులనేకము మాంసకృత్తులు జట్టుగా కూడి చేయును. ఇట్టి జట్టును సంకీర్ణమందురు. జన్యువులోని సూచనకు ఆర్.ఎన్.ఏ. రూపమున నకలు తీయు రెండవ పాలిమరేజు 12 మాంసకృత్తుల సంకీర్ణము. పనికిరాని మాంసకృత్తులను ముక్కలుచేయు ప్రోటియసోము యొక్క నడిమి భాగములోనే 28 తునకలున్నవి. జట్టులో ఎవరున్నారో తెలిసినచో, అంతవరకు ఊరు పేరు లేని మాంసకృత్తు చేయు పనిని కూడ ఊహింపవచ్చును.

ఇది కేవలము ఈస్టుకు సంబంధించిన ముచ్చట కాదు. ఫాంకోని రక్తహీనత యను అరుదైన వంశపారంపర్య వ్యాధిలో పిల్లల ఎముకలలోని మూలుగ క్రమముగా రక్తకణములను చేయజాలకపోవును. డి.ఎన్.ఏ.కు తగిలిన దెబ్బను బాగుచేయు జట్టులో ఏ ఒక్క సభ్యుడు చెడినను ఇదే వ్యాధి కలుగును. మానవకణములనుండి ఆ జట్టును వేరుచేసి చూడగా, అందులో మునుపెరుగని మాంసకృత్తులు కనిపించినవి. దోషమేదో తేలక మిగిలిన కొందరు రోగులలో చెడినవి వీని జన్యువులేయని 2003, 2004 సంవత్సరములలో తేలినది. తోడివారిని పట్టుకొనగా దోషి దొరకెనన్నమాట.

అయితే జట్లను కనుగొనుటెట్లు? 1989లో స్టాన్లీ ఫీల్డ్స్, ఓక్-క్యు సాంగ్ అనువారు ఒక చక్కని ఉపాయము పన్నిరి. జన్యువును పనిచేయించు ఒక మాంసకృత్తును రెండు ముక్కలుచేసి, ఒక్కొక్క ముక్కను పరీక్షింపవలసిన ఒక్కొక్క మాంసకృత్తునకు అతికించిరి. ఆ రెండును కలిసికొన్నచో ముక్కలు దగ్గరకు చేరి జన్యువు మేల్కొనును. ఈ పద్ధతితో 2000లో ఒక బృందము ఈస్టులో 957 జంటలను, 2001లో మరియొక బృందము 4,549 జంటలను ప్రకటించినవి. పరీక్షించినది ఒకే జీవి. అయినను రెండు పట్టికలకు ఉమ్మడిగానున్న జంటలు బహుస్వల్పము! ఉన్న కలయికలెన్నో తప్పిపోయినవి, లేని కలయికలెన్నో చేరినవి.

రెండవ పద్ధతి గాలము వేయుట వంటిది. ఒక మాంసకృత్తునకు గుర్తు తగిలించి, దానిని పైకి లాగి, దానితో ఏవేవి వచ్చునో చూతురు. ఇందు జట్టు జట్టే వచ్చును గాని, ఎవరి చేయి ఎవరు పట్టుకొనిరో తెలియదు. ఎరతో 9 మాంసకృత్తులు వచ్చినవనుకొందము. ఎరకు మాత్రమే వానిని కలిపిన 9 గీతలు. పదింటిని ఒకదానితోనొకటి కలిపిన 45 గీతలు. ఏది నిజము? సాధారణముగా రెండును కాదు. కావున ఎన్ని గాలములలో ఏ రెండు కలిసి వచ్చినవో లెక్కించి, వాని సాంగత్యమునకు ఒక విలువ కట్టుట 2006 నాటికి వాడుకకు వచ్చినది.

ఇట్లు చేరిన సమాచారమును పటముగా గీయుదురు. ఒక్కొక్క మాంసకృత్తు ఒక బిందువు, ఒక్కొక్క కలయిక ఒక గీత. వేల బిందువులు, వేల గీతలు గల ఈ వలలో కన్నులతో వెదకుట అసాధ్యము. ఇక్కడనే గణనయంత్రము అవసరమగుచున్నది. వలలో ముడులవలె దట్టముగా నున్న చోట్లే జట్లు కావచ్చునని మొదటి ఊహ. ఆరు మాంసకృత్తులు ఒకదానితోనొకటి కలిసినచో 15 గీతలుండును. ఇట్టి సంపూర్ణమైన ముడులను మాత్రమే వెదకినచో, ప్రయోగములో ఒక్క గీత తప్పిపోయినను ముడి కనబడకుండ పోవును. అందుచే 15కు 13 ఉన్నను చాలునని పట్టు సడలించిరి. 2003లో బేడర్, హోగ్ అనువారు ఒక్కొక్క బిందువు చుట్టునున్న సాంద్రతను కొలిచి, అన్నిటికంటె దట్టమైన చోట మొదలుపెట్టి వెలుపలికి ప్రాకు పద్ధతిని రచించిరి.

అంతకు మునుపే, 2000లో, హాలండు దేశమున స్టెయిన్ వాన్ డాంగెన్ మరియొక త్రోవ చూపెను. వలమీద ఒక చీమను విడిచినట్లు ఊహింపుడు. అది ఏ గీత దొరకిన ఆ గీత వెంట నడచును. దట్టమైన ముడిలో పడినచో అక్కడక్కడే చాలసేపు తిరుగును; వెలుపలికి పోవు దారులు తక్కువ గదా! చీమ ఎక్కడెక్కడ ఉండవచ్చునో ఆ సంభావ్యతలను లెక్కించి, పిదప ఒక్కొక్కదానిని వర్గము చేయుదురు. 0.6, 0.3, 0.1 అను సంఖ్యలు 0.36, 0.09, 0.01 అగును. మొత్తము మరల 1 అగునట్లు సరిచేయగా 0.78, 0.20, 0.02 వచ్చును. బలమైన దారి మరింత బలపడినది, బలహీనమైనది చిక్కిపోయినది. నడక, వర్గము, మరల నడక – ఇట్లు పలుమారులు చేయగా ముడుల నడుమనున్న పలుచని దారులు తెగిపోయి, జట్లు విడివడును. 2006లో ఒక బృందము గాలపు ప్రయోగముల ఫలితములను ఈ పద్ధతితోనే విడదీసి 547 సంకీర్ణములను ప్రకటించెను.

ఇంతవరకు బాగుగనే యున్నది. కాని నాటక సమాజములను తలచుకొనుడు. ఒక్క హార్మోనియం వాద్యగాడు మూడు సమాజములలో వాయించుట వింత కాదు. ఈస్టులో పాలిమరేజులు మూడు: మొదటిదానిలో 14, రెండవదానిలో 12, మూడవదానిలో 17 మాంసకృత్తులు. కూడినచో 43, కాని వేర్వేరు మాంసకృత్తులు 31 మాత్రమే. ఐదు మాంసకృత్తులు మూడింటిలోను ఉన్నవి, మరి రెండు మొదటిదానిలోను మూడవదానిలోను ఉన్నవి. చీమ పద్ధతిలో ఒక మాంసకృత్తు ఒకే జట్టుకు చెందవలెను. అందుచే ఆ ఐదును ఒక పాలిమరేజుకు పోయి తక్కిన రెండును అవిటివగును, లేదా మూడును కలిసి ఒకే ముద్దయగును. రెండును తప్పే. 2012లో వెలువడిన క్లస్టర్‌వన్ అను పద్ధతి ఈ చిక్కును గుర్తించినది. అది ఒక్కొక్క బీజమునుండి వేరువేరుగా జట్టును పెంచును. లోపలి గీతల బలము వెలుపలికి పోవు గీతల బలముకంటె మిక్కిలిగా నుండునట్లు ఒకరిని చేర్చుచు, ఒకరిని తీసివేయుచు పోవును. వేరువేరుగా పెరిగిన జట్లలో ఒకే సభ్యుడు ఉండుటకు అడ్డులేదు.

ఈ పద్ధతులను సరిచూచుటకు, ప్రయోగ వ్యాసములనుండి మనుష్యులే ఏరి కూర్చిన పట్టికలున్నవి. అందొకదానిలో ఈస్టు సంకీర్ణములు 408 కలవు. వానిలో 172 కేవలము ఇద్దరు సభ్యుల జట్లు! సాంద్రతను నమ్ముకొన్న పద్ధతులన్నియు ఇక్కడ తెల్లమొగము వేయును. రెండు బిందువుల నడుమ గీత ఒక్కటే. అది ఉన్నచో సాంద్రత ఎల్లప్పుడు సంపూర్ణము. పొరపాటున చేరిన గీతకును నిజమైన జంటకును పటములో తేడాయే లేదు.

అట్టిచోట పటమును విడిచి మాంసకృత్తుల ఆకారమునే చూడవలసివచ్చినది. 2021లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఈస్టు మాంసకృత్తుల జంటలు 83 లక్షలను గణనయంత్రముతో జల్లించి, కలిసికొనుటకు అవకాశము మెండుగా గలవి 1,505 అని తేల్చిరి. వానిలో ఒకదానికొకటి ఏ వైపున అతుకుకొనునో ఆ నమూనాలను కూడ గీచిరి. మునుపెరుగని 106 కూటముల నమూనాలు వానిలో నున్నవి.