తూటా అడుగున దాగిన నిప్పు

రైఫిల్ తూటా అంటే ఇత్తడి గొట్టం, దానిలో నింపిన పొగరాని మందు, ముందు భాగాన బిగించిన గుండు, అడుగున గుంటలో కూర్చిన చిన్న లోహపు గిన్నె కలిసిన వస్తువు. ఈ చివరిదాన్నే ప్రైమర్ అంటారు. ట్రిగ్గర్ నొక్కగానే తుపాకీలోని సూది వచ్చి దీని వీపు మీద కొడుతుంది. గిన్నె లోపల పలుచగా అద్దిన సున్నితమైన రసాయనం ఎదురుగా ఉన్న దిమ్మెకు తగిలి నలిగి భగ్గుమంటుంది. ఆ మంట గొట్టం అడుగు రంధ్రం గుండా దూకి మందును అంటిస్తుంది. గుండు బరువు గురించీ మందు రకం గురించీ ఎంతో పట్టింపు చూపేవారు కూడా ప్రైమర్ విషయాన్ని చివరి మాటగా తేల్చేయడం సరికాదు. ఎందుకంటే ఆ మంట ప్రతిసారీ ఒకే తీరుగా పుట్టకపోతే గుండు వేగం మారుతుంది, వేగం మారితే 300 మీటర్ల అవతలి లక్ష్యంపై అది తగిలే ఎత్తూ మారుతుంది. దీపావళికి హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, నారాయణగూడ దుకాణాల్లో పిల్లలు కొనుక్కునే బొమ్మ తుపాకీ రీళ్లలోని చుక్కలు కూడా దెబ్బకు మండే మందే కనుక, ప్రైమర్ సూత్రం నగరవాసులకు కొత్తదేమీ కాదు.

నారాయణగూడకు దగ్గరలోనే, ఫతే మైదాన్ పక్కన ఉన్న గన్‌ఫౌండ్రీ, రెండో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని మిషెల్ జోకిం మారీ రేమండ్ 18వ శతాబ్దం చివర్లో ఫిరంగులు పోత పోయించిన చోటు. అతడు 1798లో మరణించేనాటికి ప్రైమర్ ఇంకా పుట్టలేదు. చెకుముకి రాయి రాల్చే నిప్పురవ్వతోనో, కాలుతున్న వత్తితోనో మందు అంటించవలసి వచ్చేది. 1800లో ఎడ్వర్డ్ హోవార్డ్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త పాదరసపు ఫల్మినేట్ తయారీని వెల్లడించగా, అటువంటి పదార్థాలకు దెబ్బతో పేలే గుణం ఉన్నదన్న అంశాన్ని ఆధారం చేసుకుని స్కాట్లాండ్ మతాచార్యుడు అలెగ్జాండర్ ఫోర్సైత్ 1807లో పేటెంట్ పొందాడు. చెకుముకి మెరుపు చూసి వేట పక్షులు గుండు తగిలేలోపే ఎగిరిపోవడమే అతణ్ణి ఈ ప్రయత్నానికి పురికొల్పింది. తరువాత వచ్చిన రాగి టోపీలు తుపాకీ బయట విడిగా తొడిగేవి. 1860లలో అవి తూటా అడుగునే స్థిరపడ్డాయి.

ఆ స్థిరపడటంలో రెండు దారులు ఏర్పడ్డాయి. బ్రిటిష్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్ పద్ధతిలో దిమ్మె ప్రైమర్‌లోనే అమరి ఉంటుంది, గొట్టానికి నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది. అమెరికన్ హైరమ్ బెర్డాన్ పద్ధతిలో దిమ్మె గొట్టంలోనే భాగం, దాని పక్కన సాధారణంగా రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. కాలిన ప్రైమర్‌ను నడి రంధ్రం గుండా పుల్లతో పొడిచి తీసేయడం సులభం కాబట్టి, వాడిన గొట్టాన్ని మళ్లీ నింపే పనికి, అంటే రీలోడింగ్‌కు, బాక్సర్ పద్ధతే అనువైనది. విచిత్రమేమిటంటే అమెరికాలో బాక్సర్ పద్ధతి స్థిరపడగా, బ్రిటిష్ సైన్యం తన .303 తూటాలకు బెర్డాన్ పద్ధతినే ఎంచుకుంది.

ప్రైమర్ ఎంపికలో మొదట చూడవలసింది కొలత. రైఫిల్ ప్రైమర్లు 4.45 మిల్లీమీటర్ల చిన్నవి, 5.33 మిల్లీమీటర్ల పెద్దవి అని రెండు రకాలు, 5.56 తూటాకు చిన్నది, 7.62 సైనిక తూటాకు సాధారణంగా పెద్దది వాడతారు. పిస్టల్ ప్రైమర్ వ్యాసం రైఫిల్ ప్రైమర్ వ్యాసంతో సమానమైనప్పటికీ, దాని గిన్నె పలుచన కనుక రైఫిల్ ఒత్తిడికి చిల్లు పడి వేడి వాయువు వెనక్కి చిమ్మే ప్రమాదం ఉంది. తరువాతది గిన్నె గట్టిదనం: సూది వదులుగా ఆడే సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లలో, గుంటలో పూర్తిగా కూర్చోక పైకి పొడుచుకు వచ్చిన మెత్తటి ప్రైమర్‌కు తూటా గదిలోకి దూకే క్షణంలోనే సూది తగిలి, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలవచ్చు, అందుకే సైనిక ప్రైమర్లను గట్టిగా చేస్తారు. నిదానంగా అంటుకునే మందుకూ, మందు ఎక్కువగా పట్టే పెద్ద గొట్టానికీ, తీవ్రమైన చలికీ మాగ్నమ్ రకం ఉంది, అయితే మంట పెద్దదైతే గురి మెరుగవుతుందనుకోవడం పొరపాటు, మామూలు ప్రైమర్‌తో కుదిర్చిన కొలతలో దాన్ని పెడితే ఒత్తిడి అనుకోకుండా పెరగవచ్చు. ప్రైమర్ తయారీ సంస్థ మారినా మందు తగ్గించి మళ్లీ మొదటినుంచి పరీక్షించుకోవాలన్న నియమానికి కారణం ఇదే.

పాత ప్రైమర్లలోని పొటాషియం క్లోరేట్ మండాక మిగిలే లవణం గాలిలోని తేమను పీల్చి తుపాకీ బారెల్‌ను తుప్పు పట్టిస్తుంది, కాబట్టి సైనికులు కాల్పుల వెంటనే నీళ్లతో తుపాకీని కడిగేవారు. నేటి సాధారణ రకాల్లో ఆ క్లోరేట్ మిశ్రమం స్థానాన్ని సీసం కలిసిన స్టిఫ్నేట్ మిశ్రమం ఆక్రమించింది. తుప్పు తగ్గింది కానీ గాలి ఆడని రేంజిలలో సీసపు ధూళి ఊపిరితిత్తుల్లోకి చేరే బెడద వచ్చింది. గాలి బయటకు లాగే ఏర్పాటూ, కాల్చిన తరువాత చేతులు కడుక్కోవడమూ అక్కడ ఐచ్ఛికం కాకూడదు.

అమెరికాలో వేలమంది ఇంట్లోనే చేసుకునే రీలోడింగ్ పని భారతదేశంలో అభిరుచిగా మొదలుపెట్టడానికి వీల్లేదు. 1959 ఆయుధాల చట్టం రెండో సెక్షన్, తూటా భాగాలనూ వాటిని తయారుచేసే యంత్రాలనూ మందుగుండు నిర్వచనంలోనే చేర్చింది. కలిగి ఉండటానికి మూడో సెక్షన్, తయారీకి ఐదో సెక్షన్ లైసెన్సు కోరుతాయి. అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాలలోనూ చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలోనూ పోలీసు ఉద్యోగం కోసం చదువుతున్న అభ్యర్థులు రేపు సర్వీసు తుపాకీ చేతబట్టినప్పుడు, పూర్తి తూటాయే కాదు, నిండిన ప్రైమర్ ఒక్కటి కూడా చట్టం దృష్టిలో మందుగుండేనని గుర్తించడం అవసరం.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో ప్రైమరే లేదు. గాలి ఒత్తిడే గుండును తోస్తుంది. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో అతనికి రజతం దక్కిన 50 మీటర్ల ప్రోన్ పోటీలో మాత్రం .22 తూటా ఉంటుంది, దానిలో పేలే మందు గొట్టం అంచు మడతలోనే నింపి ఉంటుంది. సూది దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది కనుక గొట్టాన్ని మళ్లీ నింపలేరు. ప్రైమర్‌ను ఎంచుకునే వీలులేని ఈ క్రీడాకారులు అందుకు బదులుగా తూటాల లాట్లను, అంటే ఒకే విడతలో తయారైన తూటాల సరుకును, తమ రైఫిల్‌ను బిగించి పరీక్షించుకుంటారు; ఒకే సంస్థ పేరుతో వచ్చిన లాట్లలో ఏది తమ బారెల్‌తో అత్యంత చిన్న గుంపుగా తగులుతుందో దాన్నే పెద్దమొత్తంలో కొంటారు.