వేడెక్కిన పాత మోటారుబండి వేసవిలో మరల కదలకుండుట: కారణమును కనుగొను విధము

పాత మోటారుబండ్లు గల రైతులకు వేసవికాలమున తఱచుగ కలుగు ఇబ్బంది యొకటి కలదు. ఉదయము చల్లగానున్న యింజను సెల్ఫు ఒక్కమారు త్రిప్పగనే అందుకొనును. మార్గమున ఏ లోపమును కనుపింపదు. మార్కెట్టు యార్డులో ధాన్యమును కాటా వేయించుకొని అరగంటకు తిరిగి వచ్చి చూచునప్పటికి, సెల్ఫు ఎంత త్రిప్పినను ఇంజను అందుకొనదు. ఒక గంట నీడన నిలిపియుంచినచో ఏమియు జరుగనట్లు కదలును. మెకానిక్కు వచ్చునప్పటికి లోపము కనుపింపదు గనుక అతడు ఊహపై ఆధారపడి కాయిలు, ప్లగ్గులు, పెట్రోలు పంపు ఒకదాని వెంట నొకటి మార్చును. రైతునకు ధనవ్యయమగును. మఱునాటి యెండలో ఆ లోపము మరల వచ్చును. రోగిని పట్టణమునకు గొనిపోవునప్పుడో, కూలీలు పొలమున వేచియున్నప్పుడో ఇట్లు జరిగినచో కలుగు కష్టము చెప్పనక్కఱలేదు.

వేడిలో మాత్రమే తోచు లోపమును వేడిలోనే పరీక్షింపవలెను. బండి కదలక మొరాయించు ఆ పది, పదునైదు నిమిషములే పరీక్షకు తగిన కాలము. ఆ కాలమును ఊరక సెల్ఫు త్రిప్పుచు వ్యర్థపుచ్చిన బ్యాటరీ కూడ నీరసించి, ఒక లోపమునకు తోడు మఱియొకటి చేరును. ఇందు చెప్పబడునది కార్బురేటరు గల పెట్రోలు బండ్లను గూర్చి, అనగా పాత అంబాసిడర్లు, పద్మినులు, పెట్రోలు జీపులు మొదలగువానిని గూర్చి మాత్రమే. డీజిలు బండ్లలో స్పార్కు లేదు, కార్బురేటరును లేదు. వానికి వేఱు పరీక్షలు కలవు.

బండి నడచుచున్నంత సేపు ఫ్యాను గాలియు, రేడియేటరు నీరును ఇంజను వేడిని హరించుచుండును. ఇంజను ఆపగనే ఆ రెండును నిలిచిపోవును. కాని ఇనుములో నిలిచిన వేడి ఎక్కడికి పోవును? అది మెల్లగా పైకెక్కి బానెట్టు క్రింద చేరును. అందుచేత నడుచునప్పటికంటె, ఆపిన పిదప పదునైదు ఇరువది నిమిషములకు కార్బురేటరును, పెట్రోలు పంపును ఎక్కువ వేడెక్కును. ఆపిన వెంటనే కదలు బండి, అరగంటకు కదలకుండుటయు, గంటన్నరకు మరల కదలుటయు ఇందువలననే. రామగుండము, కొత్తగూడెము, రెంటచింతల ప్రాంతములందువలె వేసవిలో ఎండ 45 డిగ్రీలకు చేరుచోట్ల బానెట్టు క్రింది వేడి ఎట్లుండునో ఊహింపవచ్చును.

మొట్టమొదట చెవితో పరీక్షింపవలెను. సెల్ఫు త్రిప్పినప్పుడు ఇంజను ఉదయమువలెనే చురుకుగ తిరుగుచున్నదా, లేక మూలుగుచు బరువుగ తిరుగుచున్నదా? బరువుగ తిరిగినచో దోషము పెట్రోలులో లేదు, విద్యుత్తులో కలదు. బ్యాటరీ టెర్మినళ్లపై తెల్లని లేక పచ్చని చిలుము పట్టియున్నదేమో, ఎర్తు తీగ ఛాసిస్‌కు బిగువుగనున్నదో లేదో చూడవలెను. వేడెక్కిన రాగితీగ విద్యుత్తునకు ఎక్కువ అడ్డు కలిగించును. ఉదయము ఎట్లో నెట్టుకొని వచ్చిన వదులు బిగింపు మధ్యాహ్నమున నిలువదు. నిండుగ ఛార్జియైన 12 వోల్టుల బ్యాటరీ, పని లేనప్పుడు ఇంచుమించు 12.6 వోల్టులు చూపవలెను. సెల్ఫు త్రిప్పుచుండగా అది 9.6కు దిగువకు పడిపోయినచో బ్యాటరీనే అనుమానింపవలెను. ఎండకాలమున బ్యాటరీలోని నీరు త్వరగా ఇంకిపోవును గాన పదునైదు దినములకొకమారు మూతలు తీసి చూచుట మంచిది. ఇంజను కుదుపులతో, ఎదురుతన్నునట్లు తిరిగినచో టైమింగు అతిగా ముందుకు జరిగియున్నదని తలపవచ్చును.

సెల్ఫు చురుకుగ త్రిప్పినను ఇంజను అందుకొననిచో రెండవది స్పార్కు పరీక్ష. బండిలో ఒక మంచి ప్లగ్గును అదనముగ నుంచుకొనవలెను. ఒక ప్లగ్గు తీగను ఊడదీసి ఈ అదనపు ప్లగ్గునకు తొడిగి, కార్బురేటరునకు దూరముగ ఇంజను లోహమునకు తాకునట్లు పెట్టి, వేఱొకరిచే సెల్ఫు త్రిప్పింపవలెను. పెట్రోలు కారుచున్నను, వాసన ఘాటుగ వచ్చుచున్నను ఈ పరీక్ష చేయరాదు. తీగను వట్టి చేతితో పట్టుకొనరాదు. నీలిరంగు నిప్పురవ్వ చిటచిటమని దూకినచో స్పార్కు బాగున్నది. పసుపుపచ్చగ, ఎఱ్ఱగ నీరసముగనున్నను, బొత్తిగ లేకున్నను కాయిలును, కండెన్సరును అనుమానింపవలెను. పాత కాయిలులోపలి తీగ వేడికి సాగి తెగినట్లగును, చల్లబడినపుడు మరల కూడుకొనును. కాయిలుపై మాత్రము తడిగుడ్డను చుట్టి ఐదారు నిమిషములాగి చూడవలెను. తీగలు తగిలించు తల భాగమునకు నీరు తగులరాదు. అంతట స్పార్కు బలపడినచో దొంగ దొరకినట్లే. ఇట్టి కాయిలు బండి నడచుచుండగనే తడబాటు చూపి, ఒక్కొక్కప్పుడు నడిమార్గమున ఆపివేయుటయు కలదు. కండెన్సరు వెల స్వల్పము గనుక కాయిలు మార్చుటకు ముందు దానిని మార్చి చూచుట లాభకరము.

స్పార్కు బాగుండియు ఇంజను కదలనిచో మిగిలినది పెట్రోలు. వేసవిలో ఎక్కువ బండ్లు చిక్కుకొనునది ఇచ్చటనే. ఈ చిక్కు రెండు విధములు. ఆ రెండును ఒకదానికొకటి పూర్తిగ విరుద్ధములు. ఒకదానిలో పెట్రోలు చాలదు, రెండవదానిలో మితిమీరును. ఒకదానికి చేయు చికిత్స రెండవదానిని ముదుర్చును గాన, ఏది ఏదో తెలియక చేయి పెట్టరాదు.

పెట్రోలులోని తేలిక భాగములు 40 డిగ్రీలకు లోపుననే మరుగ నారంభించును. ఇంజను ప్రక్కనుండు పాతరకపు పంపు వెనుక టాంకినుండి పెట్రోలును పీల్చుకొనును. పీల్చునప్పుడు గొట్టములో పీడనము తగ్గును గనుక పెట్రోలు మఱింత తేలికగా ఆవిరియగును. పంపు ద్రవమును నెట్టగలదు గాని ఆవిరిని నెట్టజాలదు. కావున టాంకి నిండుగనున్నను కార్బురేటరు పాత్ర ఎండిపోవును. దీనినే డ్రైవర్లు ఎయిర్ లాకు అందురు. నిజమునకు గొట్టములో చేరినది గాలి కాదు, పెట్రోలు ఆవిరి. రెండవ చిక్కు దీనికి ఎదురైనది. కార్బురేటరు పాత్రలోని పెట్రోలే మరిగి పొంగి, జెట్టులగుండ ఇంజనులోనికి కారిపోవును. ప్లగ్గులు తడిసి, మండుటకు తగిన గాలి లేక ఇంజను అందుకొనదు.

ఈ రెంటిని వేఱుపఱచుట కష్టము కాదు. గాలి ఫిల్టరు మూత తీసి ముక్కును, కన్నును ఉపయోగింపవలెను. ఘాటైన పెట్రోలు వాసన వచ్చుచు, కార్బురేటరు గొంతు తడిగనుండి, ఊడదీసిన ప్లగ్గు కొన తడిసియున్నచో అది పొంగు. వాసన లేక గొంతు పొడిగనుండి, యాక్సిలరేటరు పంపు గల కార్బురేటరులో మీటను చేతితో నొక్కినను పెట్రోలు ధార చిమ్మనిచో అది ఎయిర్ లాకు. ఈ పరీక్ష చేయునప్పుడు బీడీ, చుట్ట దరిదాపులకు రానీయరాదు. కార్బురేటరులో సీసాతో పెట్రోలు పోయుచు మఱియొకరిచే సెల్ఫు త్రిప్పించు అలవాటు కొందఱికి కలదు. అది ప్రాణాపాయకరము. ఎదురుమంట లేచినచో చేతిలోని సీసాయే అంటుకొనును.

పొంగు వలన నిలిచినచో చోకు లాగరాదు. యాక్సిలరేటరును మాటిమాటికి త్రొక్కరాదు, త్రొక్కినకొలది లోపలికి మఱింత పెట్రోలు పోవును. పాదమును చివరంట అదిమి కదలింపక పట్టి, ఒక్కొక్కమారు పది సెకనులకు మించకుండ సెల్ఫు త్రిప్పవలెను. గాలి ధారాళముగ ప్రవేశించి తడి ఆరినంతనే ఇంజను నల్లని పొగతో అందుకొనును. ఎయిర్ లాకు అయినచో బానెట్టు ఎత్తి, పంపుపైనను దానికి వచ్చు గొట్టముపైనను తడిగుడ్డను చుట్టి ఇరువది నిమిషములు ఆగవలెను. పాత డ్రైవర్లు చేయు ఈ తడిగుడ్డ వైద్యమును హేళన చేయుట తగదు. అది శాస్త్రసమ్మతమే. పంపునకు చేతిమీట యుండినచో పలుమారులు ఆడించి పాత్రను నింపవచ్చును. అయితే పొగగొట్టపు మానిఫోల్డుపై నీరు చల్లరాదు. కాగిన పోత ఇనుము పగులును.

మునుపు ఇట్టి బాధ ఎఱుగని బండి యిటీవల మొరాయించుచున్నదని చెప్పువారు కలరు. పెట్రోలు మాఱినదని వారు గుర్తింపవలెను. మన దేశమున 20 పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుండి అమ్మకమునకు వచ్చి క్రమముగ వ్యాపించినది. ఈ ఇథనాలు చెఱకు, నూకలు, మొక్కజొన్నలనుండియే తీయబడుచున్నది గనుక రైతునకు దీనివలన లాభమును కలదు. కాని అది శుద్ధముగ 78 డిగ్రీలకు మరుగునదియైనను, పెట్రోలుతో కలిసినపుడు మిశ్రమము కొంత త్వరగ ఆవిరియగును. పాత రబ్బరు గొట్టములను, పంపులోని పొరను చెఱచు గుణమును దానికి కలదు. పాత గొట్టములను ఇథనాలునకు తాళు రకముతో మార్చుట ఈ బండ్లకన్నిటికిని అవసరము.

శాశ్వతముగ చేయదగినవానిలో, చౌకగనుండి ఎక్కువ గుణమిచ్చునది కార్బురేటరునకు, మానిఫోల్డునకు నడుమ వేడిని ప్రాకనీయని మందమైన ఫైబరు లేక బేకలైటు ప్యాకింగు. పలు బండ్లలో ఇది తొలుత ఉండెడిదే. మరమ్మతులలో తీసివేసి పలుచని కాగితపు ప్యాకింగు వేసియుందురు. దానిని చూచిన పిదపనే మిగిలినవి. పొగగొట్టమునకు తాకుచు పోవు పెట్రోలు గొట్టమును నాలుగు వ్రేళ్లు దూరముగ జరుపవలెను. కార్బురేటరు సూదియు, తేలుబుడ్డి మట్టమును సరిచూపింపవలెను. ఇవన్నియు చేసినను ఎయిర్ లాకు వదలనిచో, టాంకి సమీపమున తక్కువ పీడనముగల విద్యుత్ పంపు నమర్పవచ్చును. అది పీల్చక నెట్టును గనుక గొట్టములో ఆవిరి చేరదు. ఇంజను ఆగినపుడు పంపు తానై ఆగు ఏర్పాటు లేకుండ దానిని బిగింపనీయరాదు.

పొలముల మధ్య తిరుగు బండ్లకు ప్రత్యేకముగ రెండు సంగతులు కలవు. నూర్పిళ్ల కాలమున వరిపొట్టు, దూగర రేడియేటరు సందులలో చేరి గాలిని అడ్డును. దానిని ఇంజను చల్లబడిన పిదప, ఇంజను వైపునుండి ముందుకు నీటిధారతో కడుగవలెను. ముందునుండి కొట్టినచో చెత్త మఱింత లోనికి పోవును. రెండవది టాంకి మూత. దానియందలి గాలిరంధ్రము దుమ్ముతో మూసికొనిపోయిన, లోపల శూన్యమేర్పడి పంపు పీల్చజాలదు. బండి నిలిచినప్పుడు మూతను త్రిప్పగా బుస్సుమని గాలి లోనికి పోయి, పిమ్మట ఇంజను కదలినచో, కాయిలుకు గాని పంపునకు గాని ధనము పోయనక్కఱలేదు. ఆ రంధ్రమును సన్నని తీగతో శుభ్రపఱచిన చాలును.