ఫోన్ రిపేర్‌కు ఇస్తున్నారా? బ్యాకప్ ఆన్‌లో ఉంటే సరిపోదు.. ముందు ఇవి చూసుకోండి!

హైదరాబాద్‌లో ఫోన్ పాడైతే చాలామందికి ముందు గుర్తొచ్చేది అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్. కౌంటర్‌లో ఫోన్ ఇచ్చేటప్పుడు అడిగే మాట.. "బ్యాకప్ ఉందా?" ఆన్‌లోనే ఉంది కదా అని తలూపేస్తాం. అసలు చిక్కు అక్కడే. స్టోరేజ్ నిండిన రోజే బ్యాకప్ ఆగిపోతుంది. ఆ తర్వాత తీసిన ఫొటోలు ఫోన్‌లో తప్ప ఎక్కడా ఉండవు. బోర్డు పోతే అవీ పోయినట్టే!

ఎందుకు నిండుతోంది?

గూగుల్ ఖాతాకు ఫ్రీగా వచ్చేది 15 జీబీ. ఫొటోస్, జీమెయిల్, డ్రైవ్.. మూడూ అందులోనే సర్దుకోవాలి. 2021 జూన్ 1 నుంచి అప్‌లోడ్ చేసిన ఫొటోలన్నీ ఈ లెక్కలోకే వస్తున్నాయి. ఇప్పుడు ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇందులోనే. ఐక్లౌడ్‌లో అయితే ఫ్రీ స్పేస్ 5 జీబీ మాత్రమే. ఐఫోన్‌లో 4కే వీడియో నిమిషానికి సుమారు 170 ఎంబీ తీసుకుంటుంది. అంటే నాంపల్లి నుమాయిష్‌లో అరగంట వీడియో తీస్తే ఆ 5 జీబీ అయిపోయినట్టే.

ఏం చేయాలి?

1. గూగుల్ ఫొటోస్‌లో మీ ప్రొఫైల్ ఫొటో నొక్కండి. బ్యాకప్ పూర్తయిందా, ఆగిందా తెలుస్తుంది.

2. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి వీడియోల ఆప్షన్ ఆఫ్ చేయండి. బ్యాకప్ సైజ్ బాగా తగ్గుతుంది. కావాల్సిన వీడియోలు మాత్రం ముందే విడిగా కాపీ చేసుకోవాలి.

3. జీమెయిల్‌లో పెద్ద అటాచ్‌మెంట్లున్న పాత మెయిల్స్ తీసేయండి. ట్రాష్ కూడా ఖాళీ చేస్తేనే స్పేస్ వస్తుంది.

4. పెద్ద వీడియోలను ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. వేరే ఫోన్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో తెరిచి చూశాకే ఒరిజినల్ డిలీట్ చేయండి.

ఈ పొరపాటు వద్దు!

ఫోన్‌లో జాగా కోసం గూగుల్ ఫొటోస్ యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే, క్లౌడ్‌లోనూ పోతుంది. బ్యాకప్ అయిన ఫొటో ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది. ఫోన్ వరకే ఖాళీ చేయాలంటే అదే యాప్‌లోని 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి. బ్యాకప్ అయినవాటినే అది ఫోన్ నుంచి తీసేస్తుంది.

చివరగా, షాపుకు బయల్దేరే ముందు ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనో, ల్యాప్‌టాప్‌లోనో మీ ఖాతా తెరవండి. నిన్న తీసిన ఫొటో అక్కడ కనిపిస్తోందా? అయితే ధీమాగా ఫోన్ ఇచ్చేయొచ్చు. ఆ ఖాతా నుంచి లాగౌట్ కావడం మాత్రం మర్చిపోవద్దు.