పికప్ బండికి రివర్సు కెమెరా: ఎన్నిక, అమరిక, జాగ్రత్తలు

దక్షిణ అండమాన్ జిల్లాలోని ఫెరార్గంజ్ తహశీలులో కొబ్బరి, పోక, అరటి, కూరగాయలు పండించు రైతులకును, వాటిని కొని శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) సంతకు చేరవేయు వర్తకులకును పికప్ బండి ముఖ్యమైన జీవనాధారము. జాతీయ రహదారిపై బండి ముందుకు సాగునపుడు డ్రైవరుకు అంతయు కన్నుల ఎదుటనే యుండును. అయితే తోట బాటలో, ఇంటి ముంగిట, గోదాము వాకిట, జెట్టీ వద్ద బండిని వెనుకకు నడుపవలసి వచ్చినపుడే చిక్కు ఏర్పడును.

సరుకు నింపి టార్పాలిన్ కట్టిన తరువాత క్యాబిన్ లోపలి అద్దము నిరుపయోగము. ప్రక్క అద్దములు బండికి ఇరువైపుల గల ప్రదేశమును చూపునే గాని, సరిగ్గా వెనుక నున్న దానిని చూపజాలవు. అచట కూర్చుండి ఆడుకొను పసిబిడ్డ గాని, వంగి కాయలు ఏరుకొను కూలి గాని డ్రైవరు కంటబడు అవకాశము లేదు. అమెరికాలో ఇట్టి ప్రమాదములకు పసిపిల్లలు బలియగుచుండుటచే 2008లో ప్రత్యేక చట్టము చేయబడినది. దాని ఫలితముగా 2018 మే నుండి అచట తయారగు తేలిక వాహనములన్నిటికీ వెనుక కెమెరా తప్పనిసరి యైనది. మన దేశములో 2019 జూలై నుండి తయారైన ప్రయాణికుల కార్లకు వెనుక హెచ్చరిక సెన్సారును నిర్బంధము చేసిరి. అంతకు ముందు కొన్న పాత పికప్ బండ్ల యజమానులు ఈ సౌకర్యమును తామే అమర్చుకొనవలసి యుండును.

ఎట్టి కెమెరా కొనవలెను?

ఈ సామగ్రిలో కెమెరా, తెర, వాటిని కలుపు పొడవైన కేబులు అను మూడు భాగములుండును. అండమానులో సాలీనా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. దానికి సముద్రపు ఉప్పు గాలి తోడు. కనుక ధరకంటె ముందుగా నీటి రక్షణను చూడవలెను. ‘ఐపీ 67’ లేక అంతకు మించిన గుర్తు గల కెమెరా మేలు. బండి విద్యుత్తు 12 వోల్టులే కనుక కెమెరా, తెర రెండును 12 వోల్టులవై యుండవలెను. కొనుటకు ముందు బండి పొడవు కొలిచి, వంపులకు మరికొంత కలిపి, ఒకే ముక్కగా నున్న కేబులును తీసికొనవలెను. అతుకు పడిన చోటనే తరువాత తుప్పు మొదలగును.

ఎచట బిగించవలెను?

కార్లకు సరిపడు చోటు పికప్‌కు సరిపడదు. డాలా అని పిలుచు వెనుక పలకపై కెమెరా బిగించినచో, పలక దించగానే అది నేలను మాత్రమే చూపును. కాయలు, గెలలు ఎక్కించుటలో దెబ్బ తగులు అవకాశము కూడ కలదు. కావున డాలా క్రింద కదలని అడ్డకమ్మీకి గాని, పైకప్పు చట్రము గల బండ్లలో దాని వెనుక పైకమ్మీకి గాని బిగించుట మంచిది. పైన నున్న కెమెరాకు బురద తక్కువ, చూపు విశాలము. క్రింద నున్నదానిని ప్రతిదినము తుడువవలెను. చట్రమునకు రంధ్రము చేసినచో ఇనుము బయటపడిన అంచుకు తుప్పు నిరోధక ప్రైమరు పూసి, స్టెయిన్‌లెస్ స్టీలు మరలనే వాడవలెను.

వైర్లు కలుపు విధము

మొదట బ్యాటరీ నెగటివు తీగను విప్పవలెను. కెమెరా పాజిటివు వైరును రివర్సు లైటు పాజిటివు వైరుకును, నెగటివు వైరును రంగు గీకి శుభ్రపరచిన బాడీ ఎర్త్‌కును కలుపవలెను. ఇట్లు కలిపినచో రివర్సు గేరు వేసినపుడే కెమెరాకు విద్యుత్తు అందును. తెరకు తాళము తిప్పినపుడు మాత్రమే విద్యుత్తు వచ్చు వైరు నుండి, చిన్న ఫ్యూజు ద్వారా సరఫరా ఇయ్యవలెను. కేబులుతో వచ్చు సన్నని సంకేతపు వైరును కూడ రివర్సు లైటుకు కలిపినచో తెర తానుగా వెలుగును.

కేబులును ఛాసిస్ వెంబడి లాగుచు, సైలెన్సరు, కమాను కట్టలు, తిరుగు షాఫ్టు దరికి పోనీయరాదు. క్యాబిన్‌లోనికి పోవు రంధ్రమునకు రబ్బరు వాషరు వేయవలెను. లేనిచో రేకు అంచు వైరును కోసి షార్టు సర్క్యూటు, దాని వలన నిప్పు కలుగవచ్చును. ప్రతి అతుకును టంకము వేసి, వేడికి ముడుచుకొను గొట్టముతో కప్పవలెను. వట్టి టేపు ఒక వానకాలమునకే ఊడిపోవును.

పరీక్ష

బండికి కుడివైపున ఒక మనిషిని నిలిపి చూడవలెను. అతడు తెరపై కూడ కుడివైపుననే కనబడవలెను. తారుమారైనచో కెమెరాలోని అద్దపు బింబపు అమరికను మార్చవలెను. పిమ్మట బండి వెనుక 1, 2, 3 మీటర్ల దూరములో నేలపై ఇటుకలుంచి, తెరపై గీతలు ఎంత దూరమును చూపుచున్నవో సరిచూచుకొనవలెను. అమ్మిన నాటి గీతలు మీ బండి ఎత్తునకు సరిపోవునని నమ్మరాదు.

గంటకు 5 కిలోమీటర్ల వేగముతో వెనుకకు పోవు బండి సెకనుకు దాదాపు 1.4 మీటరు కదలును. అపాయము చూచి కాలు బ్రేకుపై పడుటకు ఒకటిన్నర సెకను పట్టినచో, అప్పటికే 2 మీటర్లు గడచును. వేగము 2 కిలోమీటర్లే యైనచో ఆ దూరము మీటరు లోపు. కనుక కెమెరా ఉన్నను నడక కంటె నెమ్మదిగనే పోవలెను. తెర చూచుటతో పాటు అద్దములు చూచుట, హారను కొట్టుట, వీలైన చోట ఒకరిని దించి వెనుక చూడనిచ్చుట మానరాదు. ఆ తెరపై సినిమాలు చూచుట ప్రాణాంతకము.

రుణగ్రహీతలకు, డీలర్లకు సూచనలు

బ్యాంకు రుణముపై కొన్న బండి బ్యాంకునకు హైపాథికేషన్ అయి యుండును. ప్రమాదము జరిగి బండి నెలల తరబడి నిలిచిపోయినను వాయిదా ఆగదు. కొత్త బండి కొనువారు కెమెరాను డీలరు కొటేషనులోనే చేర్పించి, దానిని యూనిట్ ఖర్చులో లెక్కించుటకు వీలగునేమో శాఖ అధికారిని ముందుగా అడుగవలెను. పాత బండికైనచో ఈ స్వల్ప వ్యయమునకు కొత్త అప్పు చేయుటకంటె ఒక పంట రాబడి నుండి తీయుట మేలు. కంపెనీ అమర్చని విద్యుత్ పరికరములను బీమా పునరుద్ధరణలో విలువతో సహా ప్రకటించి, అదనపు ప్రీమియము చెల్లించినపుడే వాటికి పరిహారము లభించును.

వారంటీ గల బండి వైర్లను కోయక, వీలైనంత వరకు కనెక్టర్ల ద్వారానే కలుపవలెను. డీలర్లు బిల్లుపై మోడలు, వారంటీ కాలము స్పష్టముగా వ్రాసి యిచ్చుట ధర్మము. విడిభాగములు ఓడపై రావలసిన ఈ దీవులలో ఒక కేబులు, రెండు ఫ్యూజులు అదనముగా నిలువ యుంచిన దుకాణమునకు గిరాకీ తానుగా వచ్చును.