కట్టుకొయ్యకు విమానము

అమెరికాలోని నార్త్ కరొలైనా తీరమున, కిట్టీ హాక్ గ్రామసమీపమునందలి ఇసుకదిబ్బలకడ, 1903 డిసెంబరు 17వ తేదీన రైటు సోదరుల యంత్రము నాలుగు మారులు ఎగిరినదని ప్రతి విద్యార్థియు చదివియే యుండును. మొదటిమారు ఆర్విల్ 12 సెకండ్లలో 120 అడుగులు పోయెను. నాలుగవమారు విల్బర్ 59 సెకండ్లలో 852 అడుగులు పోయెను. పాఠ్యపుస్తకములు సాధారణముగా అచ్చటితో ఆగిపోవును. నిజమునకు ఆ యంత్రము ఆనాడే మరియొకమారు నేల విడిచినది. అప్పుడు దానిని నడుపువారెవ్వరును లేరు.

నాలుగవమారు దిగునప్పుడు ముందుభాగపు చట్రము కొంత విరిగినది. యంత్రమును మోసికొనివచ్చి విడిదియొద్ద నిలిపి, సోదరులును, చూడవచ్చిన ఐదుగురును మాటలాడుకొనుచుండిరి. ఇంతలో గాలి ఒక్కసారిగా విసరినది. యంత్రము లేచి తిరుగబడసాగెను. విల్బర్ ముందువైపునకు పరుగెత్తెను. ఆర్విలును, జాన్ డేనియల్స్ అనునతడును వెనుకనుండు నిలువుకఱ్ఱలను పట్టుకొనిరి. ముగ్గురి బలమును చాలలేదు. డేనియల్స్ ఓడలు పగిలినప్పుడు మునిగిపోవువారిని కాపాడు తీరరక్షణకేంద్రపు ఉద్యోగి. పట్టినది విడుచుట ఆయన వృత్తిలో లేదు కాబోలు! యంత్రము దొర్లుచుండగా దానిలోపల తానును తలక్రిందులై దొర్లెను. ఇంజనుకును, గొలుసుల చట్రములకును తగిలి ఒడలెల్ల కమిలినది కాని ప్రాణాపాయము తప్పినది. ఆ ఉదయమున మొదటి ఎగురుటను ఫోటోలో బంధించినవాడును ఈయనయే. యంత్రము మాత్రము మరల ఎన్నడును ఎగురలేదు. నేడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియమున అందరును చూచుచున్నది, అటుపిమ్మట బాగుచేయబడిన ఆ యంత్రమునే.

మనుష్యుడు విమానమునెక్కిన మొదటి దినముననే నేలమీది విమానమునకు గాలి శత్రువని తేలిపోయినది. కారణము రెక్కలోనే కలదు. తాను గాలిలోనికి పోవుచున్నదో, గాలియే తనపైకి వచ్చుచున్నదో రెక్కకు తెలియదు. లోపల మనుష్యుడున్నాడో లేడో అదియు తెలియదు. చాలినంత గాలి తగిలెనా, లేచుటయే దాని పని.

పైపర్ కబ్ అను రెండు సీట్ల విమానము ఒకప్పుడు వేలకొలది విద్యార్థులకు ఎగురుట నేర్పినది. దాని ఖాళీ బరువు సుమారు 345 కిలోలు. అనగా బలిసిన ఒంగోలు ఆబోతుకంటె తేలిక. రెక్కల పొడవు మాత్రము ఈ కొననుండి ఆ కొనకు 35 అడుగులు. నిండు బరువుతో సైతము గంటకు 38 మైళ్ళ వేగముననే అది గాలిలో నిలువగలదు. ఖాళీగా నున్నప్పుడు అంతకంటె తక్కువయే చాలును. పైగా దాని చిన్నచక్రము తోకక్రింద నుండుటచేత నేలపై ముక్కెత్తి కూర్చుండును. ఎగురబోవునట్టి ఆ భంగిమలోనే అది రాత్రియెల్ల గాలికెదురుగా నిలిచియుండును. ఇక గాలి వేగము రెండింతలైనచో రెక్కపై బలము నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలు. 20 మైళ్ళ గాలికి కదలక నిలిచినది 60 మైళ్ళ గాలికి మోకులను పరీక్షించుట ఇందువలననే.

తుపానుల నెరిగిన మన కోస్తా గ్రామస్థులకు ఇది వింతగాదు. పూరింటికి గోడ కూలుటకు ముందే తరచుగా కప్పు లేచిపోవును. కప్పుమీదుగా వేగముగ పోవు గాలి దానిని క్రిందికి నొక్కదు, పైకి లాగును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు విశాఖపట్టణ విమానాశ్రయ భవనపు పైకప్పే చెదరినది. అట్టిచోట ఆరుబయట నిలిచిన చిన్న విమానము గతి వేరుగ చెప్పనక్కరలేదు. తుపాను దినముల ముందుగా కబురు పంపి వచ్చును కనుక, ఎగిరి దూరమునకు పోవుటయే ఉత్తమోపాయము. హాంగరు కూడ ఎల్లప్పుడును అభయమీయదు. 1992 ఆగస్టు 24న ఆండ్రూ తుపాను ఫ్లారిడాలోని టామియామి విమానాశ్రయముపై పడినప్పుడు, అచ్చటి విమానముల మ్యూజియము శిథిలమై, లోపల దాచిన పాత విమానములు అనేకము నుగ్గైనవి.

వేసవి సాయంకాలపు గాలివాన మాత్రము కబురు పంపదు. దానికి త్రాడే శరణ్యము.

మన రైతు ఎద్దును కట్టునప్పుడు పలుపును కొంత పొడవుగా విడుచును. ఎద్దు మెడ త్రిప్పుకొనవలెను గదా! విమానమునకు ఆ దయ పనికిరాదు. త్రాడు వదులుగా నున్నచో విమానము కొంత లేచి, వేగమందుకొని, త్రాడు బిగిసినచోట ఒక్క కుదుపుతో ఆగును. త్రాటిని తెంపునది తరచుగా ఆ కుదుపే. అట్లని వీణతంత్రివలె బిగించుటయు దోషమే. రెక్క తనకు తగని దిక్కున వంగవలసివచ్చును. నారత్రాడైనచో వానకు తడిసి తనంత తానే కురచయగును కనుక, దానికి అంగుళమంత వదులు విడుతురు. ఆ అంగుళములోనే నేర్పంతయు ఉన్నది. నైలాను త్రాటికి ఈ బిగిసెడి గుణము లేదు. ముక్కును గాలికెదురుగ నిలిపి, రెండు రెక్కలక్రింద నుండు కడియములకును తోకకును, మూడుచోట్ల కట్టుట సామాన్యపద్ధతి. త్రాడెంత గట్టిదైనను గూటము ఊడినచో ఫలము లేదు. ఎండిన నేలలో చక్కగ దిగిన గూటము, రెండు గంటల వానకు నేల మెత్తబడగానే దంతమువలె ఊడివచ్చును. కనుకనే విమానాశ్రయములలో కాంక్రీటులో పాతిన కడియములుండును.

ఒక్కటి ఊడినను నష్టము ఒక్కదానితో పోదు. కట్టు తెంచుకొన్న ఎద్దు మందలో పడినట్లు అది పొరుగు విమానములపై పడును. 2011 మార్చి 31న ఫ్లారిడాలోని లేక్‌లాండులో చిన్న విమానముల ఉత్సవము జరుగుచుండగా గాలివాన విరుచుకొనిపడినది. బారులు తీర్చి నిలిపిన వానిలో పదులకొలది విమానములు దెబ్బతినినవి.

అనుభవజ్ఞులు త్రాడుతోనే తృప్తిపడరు. రెక్కకు దాని విద్యనే మరపింపజూతురు. రెండంగుళముల మందముగల చతురస్రపు కఱ్ఱను రెక్క పైభాగమున, ముందంచునుండి వెడల్పులో నాలుగవవంతు దూరమున, పొడవునా పరచి కట్టుదురు. నునుపుగా జారిపోవలసిన గాలి ఆ కఱ్ఱకు తగిలి చెదరును. ఎత్తుశక్తి చాలవరకు నశించును. తోకచక్రపు విమానమైనచో తోకక్రింద దన్ను పెట్టి మట్టము చేయుదురు. బరువైన మోకుకంటె ఈ సన్నని కఱ్ఱయే తెలివైనదనవలెను.

మిగిలినవి తోకయందును రెక్కల కొనలందును గల కదలు పలకలు. వీనిని వదలివేసినచో గాలికి తలుపులవలె కొట్టుకొని కీళ్ళు విరుగును. కనుక వానిని కదలకుండ గడియపెట్టుదురు. కాని ఎద్దు కట్టు విప్పుట మరచినచో బండి కదలదు, అంతియే; ఈ గడియ తీయ మరచినను విమానము కదలును, లేచును. 1935 అక్టోబరు 30న డేటన్ నగరముకడ, రైటు సోదరుల పేరనే వెలసిన రైట్ ఫీల్డులో, బోయింగు కంపెనీవారి నాలుగింజన్ల 299 నమూనా విమానము పరీక్షకు లేచినది. గాలినుండి పలకలను కాపాడుటకు పెట్టిన గడియ అట్లే యున్నది. విమానము నిటారుగ ముక్కెత్తి, వేగముడిగి, కూలి మండిపోయినది. మేజర్ ప్లాయర్ హిల్, బోయింగు పరీక్షకుడు లెస్లీ టవర్ మరణించిరి. ఇరువురును ఆరితేరినవారే. ఎగురుటకు ముందు ఒక్కొక్క పనిని కాగితము చూచి సరిచూచుకొను పద్ధతి ఆ దుర్ఘటనానంతరము సైన్యమున స్థిరపడి, పిమ్మట లోకమంతట వ్యాపించినది.

సెస్నా చిన్న విమానములలో ఈ గడియ ఒక సన్నని కమ్మి. చోదకుని చేతిచక్రపు కాడలో దూర్చియుంచుదురు. దానికి ఎఱ్ఱని రేకొకటి తగిలించి యుండును. ఆ రేకు ఇంజను తాళపుచెవి పెట్టు రంధ్రమునకు సరిగా అడ్డముగ వ్రేలాడును.