సముద్రముపై పులిమేక ఆట

అరుగులపై గీతలు గీసి ఆడు పులిమేక ఆటను పాఠకులలో చాలమంది ఎరుగుదురు. పులులు కొద్ది, మేకలు పెక్కు. ఒంటరిగా చిక్కిన మేకపై పులి దూకును. మేకలు ఒకదాని వెనుక ఒకటి చేరి నిలిచినచో దూకుటకు దానికి చోటుండదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అట్లాంటిక్ మహాసముద్రముపై జరిగిన పోరు ఇంచుమించు ఇట్టిదే. భేదమొక్కటి కలదు: అచ్చట పులి కంటికి కనబడదు.

బ్రిటను ద్వీపము. ఆహారము, చమురు, ఇనుము అన్నియు ఓడలపై రావలసినవే. ఆ ఓడలను ముంచి బ్రిటనును లొంగదీయవలెనని జర్మనీ తన జలాంతర్గాములను పంపినది. 1942వ సంవత్సరమొక్కదానిలోనే అవి ముంచిన ఓడలు 1,100కు పైబడినవి. మునిగిన ప్రతి ఓడతోను చలినీటిలో ప్రాణములు విడిచిన నావికులుందురని ఈ అంకె చదువునపుడు మరువరాదు. ఇందుకు ప్రతిక్రియగా ఓడలను ముప్పది, నలుబది చొప్పున గుంపులు కట్టి, చుట్టును రక్షక నౌకలనుంచి నడిపిరి. ఎడారిలో ఒంటెల బిడారు వంటిదే ఈ ఓడల బిడారు. కాని రక్షక నౌకలు ఎన్నడును చాలినన్ని లేవు. ఒక బిడారునకు ఆరు దొరికిన, నాయకుడు సంతోషింపవలసినదే.

బిడారు పెద్దదిగా నుండవలెనా, చిన్నదిగా నుండవలెనా? పెద్ద గుంపు శత్రువునకు పెద్ద గురి యగునని నౌకాశాఖ వారు చాలకాలము తలచిరి. పాట్రిక్ బ్లాకెట్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు ఈ నమ్మకమును ప్రశ్నించిరి. వారి వాదమును గ్రహించుటకు ఉన్నత పాఠశాల గణితమే చాలును.

40 ఓడల బిడారు 1.4 మైళ్ళ వ్యాసార్ధము గల వృత్తములో ఇమిడినదనుకొందము. (ఇచట మైలనగా సముద్రపు మైలు.) 80 ఓడలకు రెట్టింపు వైశాల్యము కావలెను. వైశాల్యము వ్యాసార్ధపు వర్గమును బట్టి పెరుగును గనుక వ్యాసార్ధము రెట్టింపు కానక్కరలేదు. సుమారు 2 మైళ్ళయిన చాలును. రక్షక నౌకలు బిడారు అంచును ఆనుకొని నడువవు. వాటిని 3 మైళ్ళు ఎడముగా ఉంచితిమనుకొందము. అప్పుడు కావలి వృత్తముల వ్యాసార్ధములు 4.4, 5 మైళ్ళు. చుట్టుకొలతలు సుమారు 27.6, 31.4 మైళ్ళు. ఓడలు రెట్టింపైనను కావలి గీత ఏడింట ఒక వంతే పెరిగినది! ఆరు నౌకలు చేయు పనికి ఏడు చాలును. రెండు చిన్న బిడారులకు ఆరేసి చొప్పున పంచిన పండ్రెండు నౌకలను ఒకే పెద్ద బిడారు చుట్టు నిలిపినచో, వాటి నడిమి ఎడము 4.6 మైళ్ళ నుండి 2.6 మైళ్ళకు తగ్గును. అంతేకాక, పాత దాడుల లెక్కలు చూడగా, బిడారు చిన్నదైనను పెద్దదైనను దాడికి మునుగు ఓడల సంఖ్య ఇంచుమించు ఒక్కటే. కనుక పెద్ద బిడారులో ఒక్కొక్క ఓడకు ముప్పు తక్కువ. 1943లో బిడారులను పెద్దవి చేసిరి. 1948లో భౌతిక శాస్త్రమున నోబెల్ బహుమానము పొందినది ఈ బ్లాకెట్టే. స్వాతంత్ర్యము వచ్చిన కొత్తలో రక్షణ పరిశోధన విషయమై మన ప్రభుత్వమునకు సలహా చెప్పినవాడును ఇతడే.

అయితే లెక్క కావలి గీత వరకే పనికివచ్చును. చీకటిలో శత్రువు ఆ గీతను దాటి వచ్చి ఒక ఓడను పేల్చెను; తరువాతి క్షణమున రక్షకులు ఎటు తిరుగవలెను? దీనికి జవాబు ఒక ఆటలో దొరికినది.

1942 జనవరిలో లివర్‌పూల్ నగరమునందలి డెర్బీ హౌస్ అను భవనములో గిల్బర్ట్ రాబర్ట్స్ అను అధికారి ఒక శిక్షణ కేంద్రమును నెలకొల్పెను. క్షయవ్యాధి వలన నౌకాదళము నుండి విరమించి, యుద్ధమునకై తిరిగి పిలువబడినవాడు అతడు. అతనికి తోడు నౌకాదళపు మహిళా విభాగమునకు చెందిన యువతులు. నేలయే ఆటపలక. దానిపై గళ్ళు గీసి, చిన్న కొయ్య ఓడలు పేర్చి, సుద్దతో వాటి దారులు గీసెడివారు. రక్షక నౌకల నాయకులుగా ఆడువారు గుడ్డ తెరల వెనుక కూర్చుండి సందుల గుండా చూడవలెను. నిజముగా సముద్రముపై ఉన్నచో ఎంత కనబడునో అంతే వారికి కనబడును. జలాంతర్గామి దారిని ఆకుపచ్చ సుద్దతో గీసెడివారు. ఆ గీత దగ్గరివారికి కనబడును గాని తెర వెనుకవారికి ఆనదు. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషముల కాలమునకు సమానము. ఆలోచించుటకును అంతే వ్యవధి.

1941 డిసెంబరులో జిబ్రాల్టరు నుండి బయలుదేరిన హెచ్.జి. 76 అను బిడారుపై జరిగిన దాడిని రాబర్ట్స్ బృందము నేలపై మరల నడిపి చూచినది. ఓడ పేలగానే రక్షక నౌకలు బయటి వైపునకు పరుగెత్తి, వెలుగు గుండ్లు కాల్చి వెదకుట ఆనాటి పద్ధతి. కాని నడిమి వరుసలలోని ఓడ మునుగవలెనన్న, టార్పిడో పోగల దూరమును బట్టి చూడగా, జలాంతర్గామి బయట ఉండుటకు వీలులేదు. వరుసల నడుమనే ఉండవలెను. అది లోనికెట్లు వచ్చినది? బిడారు వేగము గంటకు ఏడు మొదలు పది మైళ్ళు. నీటిపై తేలిన జలాంతర్గామి పదునేడు మైళ్ళు పోగలదు. కావలివారి చూపు ముందునకే. రాత్రివేళ వెనుకనుండి వచ్చినచో ఎవరును చూడరు. ధ్వని తరంగములతో వెదకు ఆస్డిక్ పరికరము మునిగినదానిని పట్టునే గాని తేలినదాని విషయమున అంతగా పనికిరాదు. పేల్చిన పిమ్మట జలాంతర్గామి మునిగి, బిడారు తనను దాటిపోవువరకు ఊరకుండును. దొంగ ఇంటిలో ఉండగా వీధులు గాలించినట్లున్నది పాత పద్ధతి!

రాబర్ట్స్ సూచించిన కొత్త ఎత్తు ఇది: సంకేతము అందగానే రక్షక నౌకలు వెనుకకు మరలి, బిడారు వెనుక వరుసగా నిలిచి, అది దాటివచ్చిన నీటిని ఆస్డిక్‌తో గాలించవలెను. జీన్ లెయిడ్లా అను యువతి దీనికి ‘రాస్ప్‌బెరీ’ అని పేరుపెట్టినది. ఆంగ్లమున ఇది ఒక పండు పేరు. నోటితో వెక్కిరింపు కూత కూయుటకును అదే పేరు. ఆ కూత హిట్లరుకట!

1942 నవంబరులో అట్లాంటిక్ రక్షణ బాధ్యత వహించిన మాక్స్ హోర్టన్ మొదటి యుద్ధములో పేరుపొందిన జలాంతర్గామి నాయకుడు. అతడు ఈ ఆటలో జలాంతర్గామి పక్షమున ఐదు పర్యాయములు ఆడి, ఐదింటను ఓడెను. గెలిచినది ఏనాడును సముద్రముపై యుద్ధమెరుగని జానెట్ ఓకెల్ అను యువతి. యుద్ధము ముగియు లోపల సుమారు 5,000 మంది అధికారులు ఈ నేలపై శిక్షణ పొందిరి.

నేలపై అలలు లేవు, మంచు లేదు, ప్రాణభయము లేదు. ఆటలో గెలిచిన ఎత్తు సముద్రముపైనను గెలువవలెనన్న నియమము లేదు. అందుచేతనే తిరిగివచ్చిన నాయకుల అనుభవములతో ఎత్తులను ఎప్పటికప్పుడు దిద్దుచుండిరి. 1943 మే నెలలో జర్మనీ 41 జలాంతర్గాములను కోల్పోయి, ఉత్తర అట్లాంటిక్ నుండి తక్కినవాటిని వెనుకకు పిలిచినది. ఆ ఫలితమునకు కొత్త రాడారు, దూరము పోగల విమానములు, శత్రువుల రహస్య లిపిని విప్పిన గణితజ్ఞులు కూడ కారకులే. అంతయు సుద్దగీతల ఘనత యనుట సరికాదు.

తరగతి నేలపై సుద్దతో గళ్ళు గీసి, అగ్గిపెట్టెలను ఓడలుగా పేర్చి ఉపాధ్యాయులు దీనిని ఒక గంటలో ఆడించవచ్చును. ఇద్దరు విద్యార్థులు గోడవైపు తిరిగి కూర్చుండి, తమకు చెప్పిన వార్తలను బట్టి మాత్రమే ఎత్తులు వేయవలెను. మొదటి ఆటలో వారు పేలిన ఓడకు బయటి వైపుననే వెదకుదురు.